కిసో దారిలో అనుమానమే నా పని

మా చర్చికి వచ్చే అమ్మాయి ఒకతె ఈమధ్య టూరిజం కోర్సు ముగించి ఒక ట్రావెల్ కంపెనీలో టూర్ లీడరుగా చేరింది. బ్రాంప్టన్‌లో మా ఇంటికి వచ్చి, "గ్రేస్ ఆంటీ, ఈ జాబ్‌లో మెయిన్‌గా ఏం కావాలి?" అని అడిగింది. ఓపిక అంటాననో, నవ్వుముఖం అంటాననో ఎదురుచూసినట్టుంది. అనుమానం అన్నాను. నవ్వి ఊరుకుంది. సరదాకి అన్నాననుకుని ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

జపాన్‌లో కిసో అనే కొండలోయ ఉంది. రైళ్లు లేని కాలంలో రెండు రాజధానుల మధ్య జనం కాలినడకన వెళ్లిన దారి ఆ లోయ గుండా పోతుంది. దారి పొడవునా మజిలీ ఊళ్లు. చెక్క ఇళ్లు, రాళ్లు పరిచిన వీధులు, ఊరికీ ఊరికీ మధ్య దేవదారు అడవి, కనుమలు. కెనడా నుంచి గుంపులను తీసుకెళ్లి ఆ ఊళ్ల మధ్య నడిపించి, క్షేమంగా విమానం ఎక్కించడం నా ఉద్యోగం. నర్సాపురంలో పుట్టినదానికి జపాన్ భాష ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. మావారు కార్ల విడిభాగాల ఇంజనీరు. పెళ్లయిన కొత్తలో ఆయన ఉద్యోగం నగోయాలో. నేను అక్కడ బడిలో ఇంగ్లిషు చెప్పాను, చేపల కొట్లో జపనీసు నేర్చుకున్నాను. తర్వాత ఆయన పని ఒంటారియోకు మారింది. నా భాష ఈ కంపెనీకి పనికొచ్చింది. మోకాళ్లు ఒప్పుకున్నంత కాలం చేశాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కాగితం ఎక్కడ సమర్పించాలో ఇందులో రాయను. అవి కంపెనీ వాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పనివి చెబుతాను.

బాగానే ఉన్నామనే వాళ్లు

నడకకు వచ్చేవాళ్లు అబద్ధాలు చెబుతారు. చెడ్డవాళ్లని కాదు. తమ శరీరం గురించి నిజం చెప్పడం మనిషికి కష్టం.

విండ్సర్ నుంచి ఒక గుండె డాక్టరు గారు వచ్చారు. రిటైరయ్యారు. రోజూ గంటసేపు నడుస్తానని ఫోన్‌లో నాకు గట్టిగా చెప్పారు. మగోమె అనే ఊరి దగ్గర ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే ఆయన మాట తగ్గింది. మాట తగ్గితే ఊపిరి తగ్గినట్టు. "డాక్టరు గారూ, మీరు రోజూ నడిచేది ఎక్కడండీ?" అని అడిగాను. కాసేపు కొండవైపు చూసి, "మాల్‌లో అమ్మా" అన్నారు. చలికాలం షాపింగ్ మాల్‌లో, నున్నటి నేల మీద, వెచ్చగా నడిచే నడక అది. ఆయన్ని అక్కడి నుంచి బస్సెక్కించి పైకి పంపాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు తన బూట్లు కూడా కొత్తవేనని ఒప్పుకున్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నేను ముందుగా చూసేది మొహం కాదు, బూటు అడుగు.

అలాగే అక్కడి వాళ్లు శాకాహారం అంటే నమ్మకండి. మన వాళ్లలో ఉల్లిపాయ కూడా తినని వాళ్లు వస్తారు. సత్రం ఆవిడ వంగి వంగి నమస్కారం పెట్టి, మాంసం లేదు, చేప లేదు అంటుంది. పులుసు మాత్రం ఎండుచేప నీళ్లతో కాస్తారు. ఆవిడ దృష్టిలో అది చేప కాదు, నీళ్లు. ఇద్దరూ నిజమే చెబుతారు. మధ్యలో మోసపోయేది భోజనం చేసేవాడు. కనుక వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి వాసన చూడాలి. నేను చూసేదాన్ని.

మా మేనేజరు డెరెక్‌కి ఇదంతా నచ్చేది కాదు. నడక నిర్వహించడంలో అతను దిట్ట. రైలు తప్పిపోతే టొరాంటోలో కూర్చుని ఇంకో రైలు పట్టించగలడు. కానీ అతనికి మనుషులు సామాన్ల లాంటివాళ్లు. ఎక్కించిన చోట ఎక్కించి దింపిన చోట దింపితే సరిపోతుందనుకునేవాడు. నాకు ఎన్నోసార్లు చెప్పాడు, క్లయింట్ల సొంత విషయాల్లోకి వెళ్లొద్దని. ఆ సలహా పదిసార్లలో తొమ్మిదిసార్లు మంచిదే. మిగిలిన ఆ ఒక్కసారి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఒంటరిగా వచ్చిన మనిషి

ఆమెను కల్యాణి అంటాను. అది ఆమె పేరు కాదు. ఇందులో కొందరి పేర్లూ, ఒకటి రెండు ఊళ్లూ మార్చాను. ఎవరు చదువుతారో తెలియదు కదా.

నలభై దాటని మనిషి. విన్నిపెగ్‌లో పళ్ల డాక్టరు దగ్గర పని. ఒంటరిగా బుక్ చేసుకుంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే తను పనిచేసే క్లినిక్ నంబరు ఇచ్చింది. ఇంటివాళ్లెవరూ లేరా అంటే, క్లినిక్ చాలండీ అంది. నగోయాలో గుంపంతా కలిసిన రోజు ఒక్కొక్కరం ఎవరం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పుకున్నాం. కల్యాణి తనది టొరాంటో అంది. విన్నిపెగ్ అని నాకు తెలుసు. నేను సరిదిద్దలేదు. కానీ లోపల ఒక ముల్లు గుచ్చుకుంది.

తర్వాత చిన్న చిన్నవి పోగయ్యాయి. గుంపు ఫోటో తీస్తుంటే బూటు లేసు కట్టుకోవడానికి వంగేది. మేం దిగే ప్రతి స్టేషనుకూ ఎన్ని దారులున్నాయో అడిగేది. చేతికర్ర ఎడమచేత్తోనే పట్టుకునేది. కుడిచెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాచలేకపోయేది. మంచు మీద జారిపడ్డాను అంది. సరే అన్నాను.

డెరెక్‌కి ఫోన్‌లో చెబితే, ఈమె జపాన్‌లో ఉండిపోవడానికి వచ్చి ఉంటుంది, గుంపులోంచి మాయమైతే కంపెనీకి తలనొప్పి, కనిపెట్టి ఉండమన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. కనుక మొదటి రెండు రోజులూ నేను కల్యాణినే చూస్తూ నడిచాను.

అదే గుంపులో ప్రభాకర్ గారు ఉన్నారు. హామిల్టన్‌లో ఉంటారు, రిటైరైన సివిల్ ఇంజనీరు. భార్య పోయి కొంతకాలమైంది. అందరికీ తలలో నాలుకలా ఉండే మనిషి. తెల్లవాళ్లకు వేరుశనగ ఉండలు పంచారు. నా సంచీ తాను మోస్తానన్నారు. కల్యాణిని "అమ్మా, తల్లీ" అని పిలిచేవారు. గుంపులో తెలుగు వాళ్లం మేం ముగ్గురమే. మాట కలవడం సహజమని అనుకున్నాను.

మగోమె నుంచి త్సుమగో దాకా మొదటి నడక. దారిలో అక్కడక్కడా స్తంభానికి గంటలు కట్టి ఉంటాయి. ఎలుగుబంట్లు దూరంగా పోవడానికి నడిచేవాళ్లు మోగిస్తూ వెళ్లాలి. ప్రతి గంటనూ ప్రభాకర్ గారే మోగించారు. మధ్యలో ఒక పాత ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇస్తారు. అక్కడ కూడా కల్యాణి గోడకు ఆనుకుని, గుమ్మం కనిపించేలా కూర్చుంది.

ఆ సాయంత్రం త్సుమగోలో భోజనాల దగ్గర ప్రభాకర్ గారు మాగాయ సీసా తీశారు. అందరికీ కొంచెం కొంచెం వడ్డించారు. చలిగా ఉందని ఎవరో అంటే, కల్యాణి వైపు తిరిగి, "విన్నిపెగ్ చలి చూసినదానివి, నీకు ఇదొక లెక్కా తల్లీ" అన్నారు.

కల్యాణి చేతిలో అన్నం తినే పుల్లలు ఆగాయి. నావైపు చూసింది. ఆ చూపులో ఉన్నది నాకు అప్పుడు అర్థం కాలేదు. మాగాయ ఘాటు అనుకున్నాను.

ఫోన్ వచ్చిన సత్రం

మరుసటి పొద్దున, ఆ రాత్రి దిగాల్సిన సత్రంలో స్నానాల గదికి నీళ్లు కాచే యంత్రం చెడిపోయిందని కబురొచ్చింది. నాతో ఉన్న స్థానిక గైడు మొరితా గారు. అరవై దాటిన మనిషి, అదే లోయవాడు. ఆయన తన ఎరుకలో ఉన్న ఇంకో సత్రం మాట్లాడారు. త్సుమగోలో టిఫిన్ల దగ్గర ఆ కొత్త సత్రం పేరు గుంపుకు చెప్పాను. డెరెక్‌కు ఇంకా చెప్పలేదు. అక్కడ ఆఫీసు మూసేసిన వేళ, వాళ్లకు తెల్లవారాక చెబుదామనుకున్నాను.

రైలెక్కి కిసో-ఫుకుషిమా అనే ఊరు చేరాం. అక్కడ పూర్వపు తనిఖీ ఠాణా ఉంది, ఇప్పుడు మ్యూజియం చేశారు. రాజధానికి వెళ్లే తుపాకులనూ, రాజధాని నుంచి బయటికి వెళ్లే ఆడవాళ్లనూ అక్కడ ఆపేవాళ్లని మొరితా గారు చెప్పారు. ఆడదానికి అనుమతి కాగితం లేకపోతే దాటనివ్వరు. ఉన్నా, కాగితంలో రాసిన మనిషి ఆమేనా అని జుట్టు విప్పించి చూసేవాళ్లు. నేను ఇంగ్లిషులో చెప్పాను. ప్రభాకర్ గారు తల ఊపి, "అప్పట్లో కుటుంబం అంటే అంత కట్టుదిట్టంగా ఉండేదమ్మా. మంచి సిస్టమ్" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే కల్యాణి లేదు. బయట రాతిమెట్ల మీద కూర్చుని ఉంది. లోపల గాలి ఆడటం లేదంది.

సాయంత్రం కొత్త సత్రంలో వంటింట్లో పులుసు మూత తీయబోతుంటే యజమానురాలు నన్ను పక్కకు పిలిచింది. ఎవరో మగమనిషి ఫోన్ చేశాడట. వచ్చీరాని జపనీసు, మిగతాది ఇంగ్లిషు. మీ దగ్గర కల్యాణి అనే ఇండియన్ ఆవిడ దిగిందా అని అడిగాడట. అతిథుల సంగతి మేం బయటికి చెప్పం అని ఈమె అంది. అయితే ఆ గుంపు రేపు తర్వాతి మజిలీ ఊరు నరాయికి కొండదారినే వస్తుందా అని అడిగాడట. ఈమె ఫోన్ పెట్టేసింది.

ఈ సత్రం పేరు మాకు ఆ పొద్దునే తెలిసింది. కంపెనీకి తెలియదు. మొరితా గారికీ, నాకూ, టిఫిన్ చేస్తున్న ఆ పది మందికీ తప్ప ఎవరికీ తెలియదు. అంటే ఆ పది మందిలో ఒకరు చెప్పారు.

రెండు రోజులుగా నేను చూస్తున్న మనిషి తప్పు మనిషి. ఆమె దాక్కుంటోంది. దాక్కున్న దాన్ని వెతికేవాడు ఇంకెవడో మా మధ్యలోనే నడుస్తున్నాడు.

మొదట గుంపులోని గ్లెన్ మీదికి పోయింది నా మనసు. విన్నిపెగ్ వాడే, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరితోనూ మాట్లాడడు, ఎప్పుడూ కెమెరా కంటికి ఆనించే ఉంటాడు. భోజనాలయ్యాక పక్కన కూర్చుని, ఫోటోలు చూపిస్తావా అని అడిగాను. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు చూపించాడు. అన్నీ ఇంటి చూర్లు. కప్పు మీద బరువుకు పెట్టిన రాళ్లు. దూలాలు కలిసే మూలలు. మనిషన్నది ఒక్క ఫోటోలోనూ లేదు.

అప్పుడు మాగాయ గుర్తొచ్చింది. విన్నిపెగ్ మాట గుర్తొచ్చింది. కల్యాణి టొరాంటో అని చెప్పింది కదా. విన్నిపెగ్ అని ఆయనకు ఎవరు చెప్పారు? ఆ రోజు ఆమె నావైపు చూసిన చూపు కూడా అప్పుడు అర్థమైంది. నేనే చెప్పాననుకుంది.

కనుమ ఎక్కుతూ

తర్వాతి రోజు యబుహర అనే చిన్న స్టేషన్లో దిగి, తొరీ కనుమ ఎక్కి, అవతల నరాయిలో దిగాలి. కల్యాణిని మొరితా గారి పక్కన ముందు నడవమన్నాను. నేను వెనక ప్రభాకర్ గారి పక్కన చేరాను. ఆయన హుషారుగా ఉన్నారు. కొత్త చొక్కా వేసుకున్నారు.

దారి మెలిక తిరిగేచోట మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోయాక అడిగాను. "ప్రభాకర్ గారూ, కల్యాణిది విన్నిపెగ్ అని మీకెవరు చెప్పారండీ?"

"మీరే అన్నట్టు గుర్తమ్మా."

"నేను అనలేదండీ."

ఆయన ఆగి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నప్పుడు మొహంలో దొరికిపోయిన కళ లేదు. ఒక పెద్దమనిషి చిన్నవాళ్లకు విషయం వివరించే తీరు ఉంది.

కిరణ్ అని తన స్నేహితుడి కొడుకు. విండ్సర్‌లో కార్ల ప్లాంటులో ఇంజనీరు. కల్యాణి అతని భార్య. ఏడాది కింద చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయింది. విన్నిపెగ్‌లో ఉందని తెలిసింది కానీ ఎక్కడో తెలియలేదు. ఈ ట్రిప్ సంగతి ఆమె స్నేహితురాలి ద్వారా బయటికి పొక్కింది. ఆమె ఈయన్ని ఎప్పుడూ చూడలేదు కనుక మీరు వెళ్లండి అంకుల్ అని కిరణ్ అడిగాడు. ఇదంతా ఆయన నడుస్తూ, ఎక్కడా తడబడకుండా చెప్పారు.

"వాడు నా ముందు కూర్చుని ఏడ్చాడమ్మా. మారాడు. భార్యాభర్తల్ని కలపడం పుణ్యం కాదా? మీరూ దేవుణ్ణి నమ్మేవాళ్లే కదా."

"ఇప్పుడెక్కడ ఉన్నాడండీ?"

"కింద నరాయిలో. పొద్దున ట్రెయిన్‌కి వచ్చాడు. సర్‌ప్రైజ్ ఇద్దామని."

ఆయన నవ్వారు. ఆ నవ్వులో కపటం కనపడలేదు. నన్ను భయపెట్టింది అదే. కపటం ఉన్నవాణ్ణి పట్టుకోవచ్చు. మంచి చేస్తున్నానని నమ్మేవాడు చివరిదాకా నవ్వుతూనే వస్తాడు.

నేను పక్కకు వెళ్లి డెరెక్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. అది వాళ్ల కుటుంబ వ్యవహారమనీ, ఆ పెద్దాయన కూడా మన క్లయింటేననీ, గుంపును నరాయికి దింపి ఊరుకోమనీ అన్నాడు. భార్యను కలవడానికి భర్త రావడం నేరం కాదు కదా అన్నాడు. కాదు. ఆ మాటకొస్తే అనుమానమూ నేరం కాదు. ఫోన్ పెట్టేశాను.

కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట. పై అధికారి వేల మైళ్ల దూరంలో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి కొండ కనిపించడం లేదు, అంతే.

కల్యాణి అడిగిన ప్రశ్న

కనుమ మీద చిన్న విశ్రాంతి గుడిసె ఉంది. గుంపు అక్కడ నీళ్లు తాగుతోంది. కల్యాణిని చెట్ల వైపు తీసుకెళ్లి చెప్పాను. ఏమీ చెప్పకుండా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోయి ఉండొచ్చు. చేయలేదు. ఆమె గురించి ఆమెకు చెప్పకుండా నిర్ణయాలు చేసేవాళ్లు ఇప్పటికే ఇద్దరున్నారు, నేను మూడోదాన్ని కాదలచుకోలేదు.

విని ఏడవలేదు. "మీరే చెప్పారనుకున్నానండీ. విన్నిపెగ్ అని" అంది. తర్వాత, ఆయనతో ఒకసారి మాట్లాడతానంది.

ప్రభాకర్ గారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కల్యాణి వెళ్లి ఎదురుగా నిలబడింది. కుడిచేతి చొక్కా పైకి మడిచింది. మోచేతి దగ్గర ఎముక పక్కకు ఉబికి ఉంది. దాని చుట్టూ కుట్ల గీత.

"అంకుల్, కిరణ్ మీ ముందు ఏడ్చాడు కదా. దీని గురించి చెప్పాడా?"

ఆయన ఆ చెయ్యిని చూశారు. "మంచులో జారావని..." అని ఆగిపోయారు. ఆ మాట ఆయనకు కిరణ్ చెప్పాడో, మాతో పాటు ఆమె దగ్గరే విన్నారో నాకు తెలియదు.

"గరాజ్ డోర్ కింద పెట్టి బటన్ నొక్కాడు. హాస్పిటల్‌లో మంచు అని చెప్పమన్నాడు. చెప్పాను. అప్పటి నుంచి అందరికీ అదే చెప్తున్నా."

ప్రభాకర్ గారు తలెత్తలేదు. "రెండు వైపులా వినాలి కదమ్మా" అన్నారు. కల్యాణి చొక్కా కిందికి దించుకుంది. నా వైపు తిరిగి, కిందికి వెనక్కి వెళ్లిపోదామండీ అంది.

మొరితా గారికి జపనీసులో క్లుప్తంగా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, ఆవిడకు ఏం కావాలి అని. వెనక్కి వెళ్లాలంటోందన్నాను. అయితే గుంపును నేను దింపుతాను, మీరు వెళ్లండి అన్నారు.

ప్రభాకర్ గారిని ఫోన్ అడిగాను. "నేను చెప్పనమ్మా, నన్ను నమ్మండి" అన్నారు. నమ్మలేదు. నరాయిలో దిగాక తిరిగి ఇస్తారని చెప్పి, ఆయన చేతిలోంచి తీసుకుని మొరితా గారికి ఇచ్చాను. కంపెనీ నియమాల ప్రకారం అది తప్పే. క్లయింటు వస్తువు బలవంతంగా తీసుకున్నాను. ఇప్పుడైనా అదే చేస్తాను.

యబుహర స్టేషన్

ఎక్కిన దారే దిగాం. కల్యాణి ముందు, నేను వెనక. రాలిన ఆకుల మీద బూట్లు జారుతున్నాయి. ఎక్కడైనా పుల్ల విరిగితే ఇద్దరం ఆగిపోయేవాళ్లం. నా వృత్తిలో అంతకు ముందు భయపడింది ఎలుగుబంట్లకూ, కొండచరియలకూ. ఆ రోజు నేను చూసింది మనిషి జాడ కోసం.

స్టేషన్ దగ్గరికి వచ్చాక నాకు ఒక సంగతి తట్టింది. మేం నగోయా వైపు వెళ్లాలి. ఆ రైలు వచ్చేది నరాయి నుంచే. ప్రభాకర్ గారు కనుమ మీద నేను అడగకముందే ఏదైనా మెసేజ్ పంపి ఉంటే? గుంపు ఆలస్యమవుతోందని కిరణ్ ఎదురు బయల్దేరి ఉంటే? వాడు ఆ రైల్లోనే ఉండొచ్చు.

కల్యాణిని స్టేషన్ గది వెనక నిలబెట్టాను. అతను ఎలా ఉంటాడని అడిగితే ఫోన్‌లో ఫోటో చూపించింది. మామూలు మొహం. మా చర్చిలో చందా పళ్లెం పట్టుకుని నడిచేవాళ్లలా ఉన్నాడు. రైలు వచ్చింది. రెండే పెట్టెలు. నేను ఎక్కి, ఒక చివర నుంచి ఇంకో చివరకు ప్రతి సీటూ చూస్తూ నడిచాను. బడిపిల్లలు, ఒక ముసలావిడ, కొండ బూట్లతో ఒక జంట. గార్డు నన్ను వింతగా చూశాడు. చంటిబిడ్డ తల్లిలా కంగారుగా ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించాను. తలుపులోంచి వంగి కల్యాణిని పిలిచాను. పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది.

చాలా స్టేషన్లు దాటాక ఆమె తనంతట తానే అంది. "విన్నిపెగ్‌లో బయట వాక్‌కి వెళ్తే ప్రతి రెండు ఇళ్లకీ వెనక్కి చూస్తానండీ. గ్రూప్‌లో నడిస్తే వెనక్కి చూడక్కర్లేదనుకున్నా. ఒక్క వారం."

రైలు మారినచోట టీ కొనిచ్చాను.

నగోయాలో నేను పాఠాలు చెప్పిన బడిలోని స్నేహితురాలు చియెకో ఉంది. స్టేషన్‌కే వచ్చి కల్యాణిని తీసుకెళ్లింది. విమానం టికెట్ మార్పించి, ఎయిర్‌పోర్ట్ దాకా తనే వెళ్లి ఎక్కించింది. నేను రైలెక్కి, తర్వాతి బస ఉన్న మత్సుమోతోలో గుంపును కలుసుకున్నాను.

మొరితా గారు చూసింది

నరాయిలో ఏం జరిగిందో మొరితా గారు చెప్పారు. ఆయనకు తెలుగు రాదు. చూసింది మాత్రమే చెప్పారు. వీధి మొదట్లో ఒక యువకుడు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడట. పెద్దాయన అతని దగ్గరికి వెళ్లి మెల్లగా చాలాసేపు మాట్లాడారట. యువకుడు గొంతు పెంచాడట. తర్వాత గుంపులో ఉన్న ఆడవాళ్లందరి మొహాల్లోకీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూశాడట, టోపీ పెట్టుకున్నావిడ టోపీ కింద కూడా. గ్లెన్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడట. ఏమీ అనలేదట, నిలబడ్డాడంతే. పూలగుత్తి పక్కనున్న నీళ్లతొట్టి మీద పెట్టేసి యువకుడు స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

ప్రభాకర్ గారు మిగిలిన నడకంతా వచ్చారు. నాతో మర్యాదగానే ఉన్నారు. నా సంచీ మోస్తానని మళ్లీ అనలేదు.

కెనడా వచ్చాక డెరెక్ నన్ను కూర్చోబెట్టి, తొమ్మిది మందిని కొండ మీద వదిలి ఒక్కరి వెంట వెళ్లావన్నాడు. వదల్లేదు, మొరితా గారి చేతిలో పెట్టాను అన్నాను. ఒప్పంద పత్రం ప్రకారం అతని మాటే సరైనది. పత్రాలను నేను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత నా గుంపుల్లో కొన్ని పద్ధతులు పెట్టాను. పరిచయాల్లో పేరు మాత్రమే, ఊరు చెప్పక్కర్లేదు. సత్రం పేరు ముందు రోజు ఎవరికీ చెప్పను. ఫోటోలు ఇంటికి వెళ్లాక పెట్టుకోండి. డెరెక్ మొదట గొణిగాడు, తర్వాత మిగతా గైడ్లకూ అదే చెప్పడం మొదలుపెట్టాడు. తన ఆలోచనేనన్నట్టు చెప్పాడు. చెప్పుకోనిచ్చాను.

కల్యాణి ఇప్పుడు విన్నిపెగ్‌లో లేదు. ఎక్కడ ఉందో నాకు తెలుసు. అంతకు మించి రాయను.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. ఎలా ఉన్నారమ్మా అని అడిగారు. గొంతు బాగా నీరసంగా ఉంది. తనకు ఆ చెయ్యి కళ్లముందు నుంచి పోవడం లేదన్నారు. "ఆ అమ్మాయిని ఒక్కసారి క్షమాపణ అడగాలని ఉందమ్మా. నంబరు వద్దు. ఏ ఊరో చెప్పండి చాలు. ఉత్తరం రాసుకుంటాను."

ఏడుస్తున్నట్టే ఉంది. నాకు మనసు కరిగిందనే చెప్పాలి. ఆయన వయసూ, ఒంటరి ఇల్లూ తలుచుకున్నాను.

"ప్రభాకర్ గారూ, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఆయన కుర్చీయో, ఇంకొకరిదో.

"ఎవరూ లేరమ్మా" అన్నారు.

అది నిజమే అయి ఉండొచ్చు. నేను మటుకు ఊరి పేరు చెప్పలేదు.